ఏ బండిది తప్పో తేలేదాకా ఆకలి ఆగుతుందా?

రెండు బండ్లు గుద్దుకుంటే చచ్చిపోయేది మనుషులు. ఆ తర్వాత గుద్దుకునేవి ఇన్సూరెన్సు కంపెనీలు. తప్పంతా లారీదేనంటాడు జీపు కంపెనీ తరఫు వకీలు. తప్పు జీపుదే, పైగా అందులో పరిమితికి మించి జనాన్ని ఎక్కించారంటాడు లారీ కంపెనీ తరఫు వకీలు. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్లు, ఈ ఇద్దరి వాదనల మధ్య నలిగేది మొగుణ్ణో కొడుకునో పోగొట్టుకున్న స్త్రీ, లేదా తనే కాలు విరిగి మంచాన పడ్డ స్త్రీ. ఏ బండిది ఎంత తప్పు అన్న లెక్క తేలడానికి ఏళ్లు పడుతుంది. పొయ్యి మీద ఎసరు మాత్రం ఆ రోజు సాయంత్రానికే పెట్టాలి.

ఈ అన్యాయాన్ని కొంతైనా తగ్గించడానికే తప్పుతో నిమిత్తం లేని పరిహారం అనే పద్ధతి చట్టంలోకి వచ్చింది. ప్రమాదం జరిగింది, మనిషి పోయాడు లేదా తీవ్రంగా గాయపడ్డాడు. అంతే, డబ్బు ఇవ్వాలి. ఎవరిది తప్పు అని బాధితురాలు రుజువు చేయనక్కర లేదు. వినడానికి ఇంత సులువుగా ఉన్న ఈ హక్కు, ఒకటికి మించి బండ్లు ఉన్న ప్రమాదాల్లో మాత్రం మళ్లీ మొదటికొస్తోంది. తప్పు సంగతి అడగకూడదు సరే, ఏ కంపెనీ ఇవ్వాలి అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతోంది. నా వాదన ఒక్కటే: ప్రమాదంలో ఉన్న ప్రతి బండి కంపెనీ ఆ మొత్తానికి పూర్తిగా బాధ్యురాలే. ముందు ఎవరో ఒకరు కట్టాలి, వాటాల తగాదా తర్వాత వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. బాధితురాలిని ఆ తగాదాలో సాక్షిగా నిలబెట్టకూడదు.

ఈ హక్కు ఎలా వచ్చింది

1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద డ్రైవరు నిర్లక్ష్యాన్ని నిరూపిస్తేనే పరిహారం. 1977లో సుప్రీంకోర్టు కూడా నిర్లక్ష్యం రుజువు కాకుండా యజమాని బాధ్యత లేదని చెప్పింది. అదే కాలంలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వంటి న్యాయమూర్తులు, రోడ్డు మీద చచ్చిపోయే పేదల కుటుంబాలకు తప్పుతో సంబంధం లేకుండా పరిహారం దక్కే చట్టం కావాలని తమ తీర్పుల్లో మళ్లీ మళ్లీ రాశారు. ఫలితంగా 1982లో 92-ఎ సెక్షన్ వచ్చింది. మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. 1988 చట్టంలో ఇదే 140వ సెక్షన్ అయింది. మొత్తాలు 25,000, 12,000. 1994 సవరణతో 50,000, 25,000. ఆ సవరణతోనే 163-ఎ అనే మరో సెక్షన్ వచ్చి, ఏడాదికి 40,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఒక పట్టిక ప్రకారం పరిహారం లెక్కగట్టింది.

ఇందులో గమనించవలసింది రెండు సంగతులు. మొదటిది, 1994లో పెట్టిన 50,000 రూపాయలు 2022 దాకా అలాగే ఉండిపోయాయి. ఆ 28 ఏళ్లలో కిలో బియ్యం ధర ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో మనందరికీ తెలుసు. రెండవది మన విషయానికి సంబంధించినది. 140వ సెక్షన్ ఒక బండి గురించే కాదు, బండ్ల గురించి కూడా స్పష్టంగా మాట్లాడింది. ఒక వాహనం వల్ల గాని, వాహనాల వల్ల గాని ప్రమాదం జరిగితే, ఆ యజమానులందరూ ఉమ్మడిగానూ, ఎవరికి వారు విడిగానూ బాధ్యులని రాసింది. అంటే బాధితురాలు ఎవరి దగ్గరనైనా మొత్తం అడగవచ్చు. ఆ మొత్తం ఒక్కసారే వస్తుంది, బండికొకసారి రాదు. కానీ ఏ ఒక్కరూ నా వాటా సగమే అని చెప్పి తప్పించుకోలేరు.

2019 సవరణ చట్టంలోని ఈ భాగాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. సరిగ్గా మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాతో పాటే కొత్త చట్టమూ వచ్చింది. జిల్లా వచ్చిన సంగతి అందరికీ తెలుసు. చట్టం మారిన సంగతి మాత్రం మన మండలాల్లో పోలీసుస్టేషను గడప దగ్గరే ఆగిపోయింది. 140వ సెక్షన్ పోయింది. 163-ఎ పోయింది. వాటి చోట 164వ సెక్షన్ వచ్చింది. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఆదాయ పరిమితి లేదు, తప్పు రుజువు అక్కర లేదు. 2022 ఏప్రిల్ 1కి ముందు జరిగిన ప్రమాదాలకు మాత్రం పాత సెక్షన్లే వర్తిస్తాయి.

రెండు బండ్లుంటే బాధ్యత ఎవరిది

కొత్త 164వ సెక్షన్లో "మోటారు వాహన యజమాని లేదా అధీకృత బీమా సంస్థ" అని ఏకవచనంలో ఉంది. 140లో ఉన్న "ఉమ్మడిగానూ, విడిగానూ" అన్న మాట ఇందులో లేదు. తమ బాధ్యత సగమేననడానికీ, ముందు ఎవరి తప్పో తేల్చమనడానికీ కంపెనీల వకీళ్లకు ఈ ఒక్క ఖాళీ చాలు.

ఈ వాదన నిలవదని నేను అనుకుంటున్నాను. దానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, చట్టాల్లో ఏకవచనం బహువచనాన్ని కూడా కలుపుకుంటుందని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 13వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. రెండు, బండి యజమాని తప్పు గాని, "మరే ఇతర వ్యక్తి" తప్పు గాని బాధితులు చెప్పనక్కర లేదు, నిరూపించనక్కర లేదు అని 164లోనే ఉంది. ఎదుటి బండి డ్రైవరు ఆ ఇతర వ్యక్తే కదా! తప్పు అతనిదే అన్న జవాబుకు ఇక చోటెక్కడిది? మూడు, నిర్లక్ష్యం నిరూపించవలసిన కేసుల్లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. 2015 మే 7న ఖెన్యేయి కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, రెండు బండ్ల డ్రైవర్ల తప్పు వల్ల మూడో మనిషికి నష్టం జరిగితే, ఆ మనిషి ఇద్దరి మీదా గాని, ఎవరో ఒకరి మీద గాని కేసు వేసి మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చు. బాధితురాలి విషయంలో ఆ మొత్తాన్ని వాటాలుగా విడగొట్టడానికి వీల్లేదు. డబ్బు కట్టినవాళ్లు రెండోవాళ్ల వాటాను తర్వాత వాళ్ల నుంచి వసూలు చేసుకోవచ్చు. తప్పు రుజువు చేయవలసిన చోటే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు, తప్పు ప్రసక్తే లేని చోట అంతకన్నా తక్కువ రక్షణ ఎలా ఉంటుంది?

ఇక్కడ మాటల తేడా ఒకటి కార్యకర్తలు గుర్తు పెట్టుకోవాలి. బాధితుడి సొంత నిర్లక్ష్యం కూడా ప్రమాదానికి తోడైతే దాన్ని సహాయక నిర్లక్ష్యం అంటారు. అప్పుడు అతని వంతు మేరకు పరిహారం తగ్గిస్తారు. బాధితుడి తప్పేమీ లేకుండా ఇద్దరు ముగ్గురు ఇతరుల తప్పు కలిసి నష్టం జరిగితే అది సమ్మిశ్ర నిర్లక్ష్యం. అప్పుడు పైసా తగ్గించకూడదు. జీపులో వెనక కూర్చున్న స్త్రీ స్టీరింగు పట్టుకోలేదు. మలుపులో హారను కొట్టకపోవడం ఆమె తప్పు కాదు. అయినా రెండు బండ్ల డ్రైవర్ల తప్పును చెరి సగం చేసి, ఆ సగాన్ని ఆమె పరిహారంలోంచి కోసెయ్యమని వాదించేవాళ్లుంటారు. ఆ వాదన వినపడగానే ఖెన్యేయి తీర్పు ముందు పెట్టాలి.

మన్యం రోడ్ల మీద ఈ సూత్రం ఎందుకు ముఖ్యం

జి.మాడుగుల మండలంలోని కొండ ఊళ్ల స్త్రీలు సంతకు వెళ్లాలన్నా, పాడేరు ఆసుపత్రికి వెళ్లాలన్నా ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కవలసిందే. సర్వీసు జీపు, ఆటో, సరుకుల వ్యాను, మొగుడి వెనకో తమ్ముడి వెనకో బైకు. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం పెట్టింది, మంచిదే. కానీ బస్సే రాని ఊరికి ఉచితం ఏం ఒరుగుతుంది? పసుపు, రాజ్‌మా, మిరియాల మూటలతో సరుకు బండి ఎక్కే స్త్రీ తనకు తెలియకుండానే చట్టంలోని ఒక్కొక్క మినహాయింపు మీదా కాలు పెడుతోంది.

సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికురాలికి ఆ బండి ఇన్సూరెన్సు వర్తించదని 2002లోనే ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సవరణ ఆ మాటను చట్టంలోనే రాసేసింది. తన సరుకుతో పాటు వెళ్లే సరుకు యజమానికి మాత్రం వర్తిస్తుంది. కాబట్టి ఆమె వెంట ఏ మూటలున్నాయో, అవి ఎవరివో మొదటి రోజే వాంగ్మూలంలో రాయించడం ముఖ్యం. పరిమితికి మించి ఎక్కించిన బండి అయితే, పాలసీలో ఎంతమందికి రక్షణ ఉందో అంతమంది మేరకే కంపెనీ బాధ్యత అని 2007లో అంజనా శ్యామ్ కేసులో తీర్పు వచ్చింది. కంపెనీ కట్టిన ఆ మొత్తాన్ని బాధితులందరూ దామాషాగా పంచుకోవాలి. బైకు వెనక కూర్చున్నామె విషయంలో, ఆ బైకుకు తప్పనిసరి పాలసీ ఒక్కటే ఉంటే వెనక కూర్చున్న మనిషికి అది వర్తించదని 2006లో మరో తీర్పు చెప్పింది. ఇక అరువు తెచ్చుకున్న బైకు నడుపుతూ చనిపోయినవాడు యజమాని స్థానంలో ఉన్నట్టే గనక ఆ బైకు కంపెనీ మీద అతని కుటుంబం తప్పుతో నిమిత్తం లేని పరిహారం అడగలేదని 2020 జనవరిలో రాంఖిలాడి కేసులో తేల్చారు. యజమానే చనిపోతే ఏమిటన్న ప్రశ్నను 2025లో ఒక ధర్మాసనం విస్తృత ధర్మాసనానికి పంపింది.

ఇవన్నీ చదివితే నిరాశ కలుగుతుంది. కానీ ఈ మినహాయింపులన్నిటిలోనూ ఒక సామాన్యమైన విషయం ఉంది. ఇవన్నీ ఆమె ఎక్కిన బండి కంపెనీకి మాత్రమే పనికొస్తాయి. ఎదుటి బండికి ఆమె ఎప్పుడూ మూడో మనిషే. ఆ లారీ కంపెనీకి, ఆమె జీపులో ఎన్నో మనిషిగా కూర్చుందన్నది అనవసరం. సరుకు బండిలో ఊరికే ఎక్కిందా, కిరాయి ఇచ్చిందా అన్నదీ అనవసరం. రాంఖిలాడి కేసులో జరిగింది ఇదే. ప్రమాదంలో రెండు బైకులున్నాయి. కుటుంబం మాత్రం అతను నడిపిన బైకు యజమాని మీదా, కంపెనీ మీదా మాత్రమే కేసు వేసింది. ఎదుటి బైకు యజమాని మీదా, కంపెనీ మీదా వేసి ఉండవలసిందని కోర్టు అంది. చివరికి వాళ్లకు దక్కింది పాలసీలోని సొంత ప్రమాద బీమా లక్ష రూపాయలు మాత్రమే. ఒక బండి పేరు కాగితం మీద లేకపోవడం ఒక కుటుంబానికి ఎంత నష్టం చేసిందో చూడండి.

అందుకే చెబుతున్నాను: ఒకటికి మించి బండ్లున్న ప్రమాదంలో ఎఫ్.ఐ.ఆర్.లో అన్ని బండ్ల నంబర్లూ ఉండాలి. దరఖాస్తులో అందరు యజమానులూ, అన్ని కంపెనీలూ ఉండాలి. ఒక బండి ఆగకుండా పారిపోయి, రెండోది దొరికితే, అది గుద్ది పారిపోయిన కేసని రెండు లక్షలతో సరిపెట్టడానికి ఒప్పుకోకూడదు. గుద్ది పారిపోయిన కేసుల్లో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. అది ఏ బండి ఆచూకీ తెలియనప్పుడు వాడుకునేది. ఒక బండి ఆచూకీ తెలిస్తే, దాని కంపెనీ మొత్తానికి బాధ్యురాలు. పారిపోయినవాణ్ణి వెతుక్కునే పని ఆ కంపెనీది. ఆర్టీసీ బస్సు ఉంటే, దానికి బీమా ఉన్నా లేకపోయినా, సంస్థనే యజమానిగా చేర్చాలి. ఉచిత ప్రయాణపు టికెట్టు ముక్కను కూడా పారేయకుండా దాచుకోవాలి.

ఐదు లక్షల వెనక ఉన్న ముడి

పాత 140వ సెక్షన్ కింద వచ్చే 50,000 తాత్కాలిక ఊరట. అది తీసుకున్నాక కూడా, తప్పు రుజువు చేసి పూర్తి పరిహారం అడిగే హక్కు మిగిలి ఉండేది. కొత్త చట్టంలో ఆ మెట్టు తీసేశారు. 149వ సెక్షన్ ప్రకారం కంపెనీ నియమించిన అధికారి 30 రోజుల్లో ట్రిబ్యునల్ ముందు రాజీ మొత్తం ప్రతిపాదించాలి. బాధితురాలు ఒప్పుకుంటే ఆ ఒప్పందం నమోదై, మరో 30 రోజుల్లో డబ్బు రావాలి. బాగానే ఉంది. కానీ 164 కింద డబ్బు అలా తీసుకుంటే 166వ సెక్షన్ కింద పూర్తి పరిహారానికి వేసిన దరఖాస్తు రద్దయిపోతుందని చట్టం చెబుతోంది.

దీని అర్థం ఏమిటో ఒక లెక్క వేసి చూద్దాం. ముప్పై ఏళ్ల కూలిమనిషి, నెలకు 9,000 రూపాయల సంపాదన, మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు అనుకుందాం. ఏడాదికి 1,08,000. సుప్రీంకోర్టు 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పినట్లు, భవిష్యత్తులో పెరిగే ఆదాయానికి 40 శాతం కలిపితే 1,51,200. సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 1,13,400. 2009లో సరళా వర్మ కేసులో ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 17. మొత్తం 19,27,800 రూపాయలు. అంత్యక్రియలు, సాహచర్యం కోల్పోవడం వంటివి దీనికి అదనం. చేతికి వెంటనే వచ్చే ఐదు లక్షలకు వేలిముద్ర వేయడం అంటే ఈ పందొమ్మిది లక్షలను వదులుకోవడం. ఇంట్లో గింజలు లేనప్పుడు ఎవరైనా ఐదు లక్షలే తీసుకుంటారు. ఆకలి మీద బేరం పెట్టే ఈ నిబంధనను రాజీ అని పిలవడం నాకు కష్టంగా ఉంది.

మరి ఏది ఎప్పుడు ఎంచుకోవాలి? జీపులోనో ఆటోలోనో ప్రయాణికురాలిగా ఉండి, రెండు బండ్లు గుద్దుకున్న కేసు అయితే తప్పు ఎవరో ఒక డ్రైవరుది గాని, ఇద్దరిదీ గాని అయి ఉంటుంది. ఇద్దరినీ పార్టీలుగా చేరిస్తే రుజువు పెద్ద కష్టం కాదు. అక్కడ పూర్తి పరిహారానికే వెళ్లడం మేలు. బండి నడిపినవాడే చనిపోయి, తప్పు అతనిదే అని పోలీసులు రాసి, సాక్షులు ఎవరూ లేని చోట ఎదుటి బండి కంపెనీ నుంచి 164 కింద ఐదు లక్షలు రాబట్టడమే తెలివైన దారి. ఈ తేడాను వేలిముద్రకు ముందు ఆమెకు ఎవరైనా చెప్పాలి. కంపెనీ చెప్పదు. మనమే చెప్పాలి.

మరో సంగతి కూడా ఉంది. 2018 మేలో కేంద్రం పాత పట్టికను మార్చి, మరణానికి ఐదు లక్షలు పెట్టినప్పుడు, 2019 జనవరి నుంచి ఏటా 5 శాతం పెంపు కూడా పెట్టింది. కొత్త 164లో ఆ పెంపు లేదు. అంటే కొత్త చట్టం వచ్చిన రోజున మొత్తం పెరగలేదు, వెనక్కి తగ్గింది. 50,000 రూపాయలు 28 ఏళ్లు కదలకుండా ఉన్న చరిత్ర మనకు తెలుసు గనక ఐదు లక్షల గతి కూడా అంతేనా అని అడగవలసిన బాధ్యత మన మీద ఉంది.

స్త్రీ శ్రమకు వెల, స్త్రీ సంబంధానికి సాక్ష్యం

ప్రమాదంలో స్త్రీ చనిపోతే ఆమె ఖరీదు ఎంత? 1994 పట్టిక ప్రకారం సంపాదన లేని భార్య విలువ సంపాదించే భర్త ఆదాయంలో మూడో వంతు. తెల్లవారకముందే లేచి ఊట నీళ్లు మోసుకొచ్చి, వంట చేసి, పోడులో పని చేసి, కాఫీ పళ్లు కోసి, పిల్లల్నీ మేకల్నీ సాకిన మనిషి సంపాదన లేనిదట! 2010లో అరుణ్‌కుమార్ అగ్రవాల్ కేసులో, జనాభా లెక్కలు గృహిణులను బిచ్చగాళ్లతోనూ ఖైదీలతోనూ కలిపి ఉత్పత్తి చేయనివాళ్లుగా చూపడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ, ఇంటి పనికి ఆదాయం కట్టడం ఆ శ్రమకు ఇచ్చే గుర్తింపు అని విడిగా తీర్పు రాశారు. గృహిణి ఆదాయం దినకూలీ కనీస వేతనానికి తగ్గకూడదని 2024 ఫిబ్రవరిలో మరో తీర్పు వచ్చింది. ఈ తీర్పులు ట్రిబ్యునల్లో దానంతట అవి వినపడవు. ఆమె ఏయే పనులు చేసేదో ఊరివాళ్లతో చెప్పించి, కాగితం మీద పెట్టాలి.

భర్త చనిపోయినప్పుడు ఎదురయ్యే చిక్కు వేరు. నువ్వు అతని భార్యవేనని రుజువేమిటి అని అడుగుతారు. ఆదివాసీ కుటుంబాల్లో చాలా పెళ్లిళ్లకు పత్రం ఉండదు, పెళ్లి ఫొటో ఉండదు. కులపెద్దల ముందు జరిగిన ఒప్పందమే పెళ్లి. షెడ్యూల్డు తెగలకు హిందూ వివాహ చట్టం వర్తించదని ఆ చట్టం 2(2) సెక్షనే చెబుతోంది. అక్కడ చూడవలసింది ఆచారం. పైగా మోటారు వాహనాల చట్టం భార్య అన్న మాట దగ్గర ఆగదు, చట్టబద్ధ ప్రతినిధులు అంటుంది. చనిపోయినవారి మీద ఆధారపడి బతికినవారిని విశాలంగా చూడాలని 1987 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. 2021లో అల్లుడి ఇంట్లో ఉంటున్న అత్తను కూడా ఆ కోవలోనే చేర్చింది. భర్త పోయాక మారుమనువు చేసుకుంటే పరిహారం రాదని బెదిరించేవాళ్లకు, విధవ తిరిగి పెళ్లి చేసుకోవడం పరిహారానికి అడ్డు కాదని 2023లో బొంబాయి హైకోర్టు చెప్పిన సంగతి వినిపించాలి.

చివరికి డబ్బు వచ్చాక అది ఎవరి చేతిలో పడుతుంది? మరిది సంతకం పెడతాడు, మామ బ్యాంకుకు వెళతాడు, దళారీ తన వాటా లాక్కుంటాడు. చదువు రాని విధవల డబ్బు ఇలా పోకుండా బ్యాంకులో దీర్ఘకాలిక డిపాజిట్టుగా పెట్టాలని 1993లో సుసమ్మ థామస్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చారు. రక్షణ కోసం పెట్టిన ఆ నియమమే ఆమెకు సంకెల కాకూడదని, యాంత్రికంగా అమలు చేయవద్దని 2012లో మరో తీర్పు హెచ్చరించింది. ఖాతా ఆమె పేరున, పాసుబుక్కు ఆమె దగ్గర ఉండాలి. మనం కోరేది ఇంతే.

కంపెనీల వాదనకు జవాబు

కంపెనీలు చెప్పేదాన్ని కూడా న్యాయంగా వినాలి. దొంగ కేసులున్నాయంటారు. ప్రమాదంలో లేని బండిని, ఇన్సూరెన్సు ఉంది గనక, తర్వాత తెచ్చి చేరుస్తారంటారు. అలాంటివి జరగవని ఎవరూ అనలేరు. అయితే దానికి మందు చట్టంలోనే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం పోలీసు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక పంపాలి. పది రోజుల్లో బాధితులకు వాళ్ల హక్కులు తెలిపే పత్రం ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతటా దీన్ని అమలు చేయమంది. ఏయే బండ్లున్నాయో రెండు రోజుల్లో కాగితం మీదకు వస్తే, మూడు నెలల తర్వాత కొత్త బండి ఎక్కడి నుంచి వస్తుంది? మోసాన్ని ఆపవలసింది దర్యాప్తుతో. ఆలస్యంతో కాదు. ఆలస్యం దొంగను ఏమీ చేయదు, నిజమైన బాధితురాలినే లొంగదీస్తుంది.

తప్పు లేని బండి కంపెనీ ఎందుకు కట్టాలి అన్నది మరో ప్రశ్న. తర్వాత రాబట్టుకునే దారి దానికి ఉంది కనుక. కంపెనీకి వకీళ్లున్నారు, లెక్కల మనుషులున్నారు, ఏళ్ల తరబడి ఎదురుచూసే స్తోమత ఉంది. రెండు కంపెనీల మధ్య వాటాల తగాదా ఒక ఖాతాలోంచి మరో ఖాతాకు డబ్బు మారే వ్యవహారం. అదే తగాదా ఒక స్త్రీ నెత్తిన పడితే ఆమె పిల్లవాడి చదువు ఆగిపోతుంది, భూమి కుదువకు పోతుంది.

మనం అడగవలసినవి, చేయవలసినవి

ప్రభుత్వాన్ని అడగవలసినవి నాలుగు. 164లో "ఉమ్మడిగానూ, విడిగానూ" అన్న మాటలు తిరిగి చేర్చాలి. ఒకటికి మించి కంపెనీలున్న చోట, మొదటి నోటీసు అందుకున్న కంపెనీ మొత్తం కట్టి తర్వాత తేల్చుకునే నియమం రావాలి. ఐదు లక్షలు తీసుకుంటే మిగతా హక్కు పోతుందన్న నిబంధన తీసేసి, దాన్ని 140లాగే తొలి విడతగా చూడాలి. ఏటా పెంపు తిరిగి రావాలి.

మన పని కొండ కింద కాదు, పైనే మొదలవుతుంది. మహిళా సంఘాలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ప్రమాదం జరిగిన రోజే అన్ని బండ్ల నంబర్లూ రాసిపెట్టాలి, ఫొటో తీయాలి. ఎఫ్.ఐ.ఆర్. చదివించుకుని, ఏ బండి పేరైనా తప్పిపోతే వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి. బండి వివరాలు, ఇన్సూరెన్సు వివరాలు పోలీసు అధికారి, రవాణా శాఖ ఇవ్వాలని 160వ సెక్షన్ చెబుతోంది. ఆసుపత్రిలో డబ్బు కట్టమంటే, 2025 మే నుంచి అమలులో ఉన్న కేంద్ర పథకం కింద ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేని చికిత్స హక్కని చెప్పాలి. దరఖాస్తుకు ఆరు నెలల గడువు చట్టంలో ఉంది. గడువు దాటిందని కేసులు కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినా, దాన్ని నమ్ముకుని ఆగకుండా ఆరు నెలల్లోపే వేయించాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా, తను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లోనే కేసు వేసే హక్కు ఆమెకుంది. స్త్రీ అయినా, షెడ్యూల్డు తెగ మనిషి అయినా, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. ఫోను నంబరు 15100. ఐటిడిఎ కార్యాలయం, న్యాయ సేవల సంస్థ కలిసి సంత రోజుల్లో మండలాల్లో శిబిరాలు పెట్టాలని, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే మనిషిని అక్కడ కూర్చోబెట్టాలని పట్టుబట్టాలి.

విశాఖపట్నం కోర్టుకు పాడేరు నుంచే వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఒక్కొక్క వాయిదాకూ ఒక కూలిరోజు పోతుంది, కొండ దిగి ఎక్కే బండి ఖర్చు మీద పడుతుంది. ఏ బండిది ఎంత తప్పో తేల్చే తీరిక ఇన్సూరెన్సు కంపెనీలకు ఉంది, తేల్చుకోనివ్వండి. కానీ ఆ తీరికకు ఖర్చు భరించవలసింది వాళ్లే గాని, తాళి తెగినామె కాదు.